సగంలో ఆపిన ఉత్తరం

మంగళవారం మా ఆయన చనిపోయినప్పటి నుంచి, నారిన్ ఊరి పైనున్న కనుమలో మంచు లోతు ఎంతో చెప్పే ఆయన మెయిల్ గొర్రెల కాపరులకు అందడం లేదు. ఇవాళ నేను పాఠాలు చెప్పే బడి వదిలాక, మంచు కొలిచొచ్చి, ఆయన లినక్స్ కంప్యూటర్ ముందు నేనూ మరిదీ కూర్చున్నాం.

“వదినా, మౌస్‌తో నడిచే మెయిల్ పెట్టేస్తాను. ఈ అక్షరాల తెర అన్నయ్య మొండితనం. మీకూ అంటుకుందా?”

“ఈ సిగ్నల్‌కి అక్షరాలు వెళ్తే చాలు. పాస్‌వర్డ్ ఎక్కించావుగా? ఏ మీట నొక్కాలి?”

“కొత్త ఉత్తరానికి ‘ఎం’.”

“సగంలో ఆపిన ఉత్తరం ఉంది, తెరవాలా అని అడుగుతోంది.”

“అన్నయ్యది, వదినా. ఆ రోజుదే అయ్యుంటుంది.”

“వద్దనాలంటే?”

“‘ఎన్’.”

“నొక్కాను. ‘మంచు అరవై రెండు సెంటీమీటర్లు, మందల్ని దింపెయ్యండి.’ సరేనా?”

“సరే. ‘వై’ నొక్కితే వెళ్తుంది.”

కాపరులకు ఉత్తరం వెళ్ళింది. ఆయన సగంలో ఆపినది ఇంకా తెరవలేదు.