మెత్తటి చక్రాలు

న్యూ సౌత్ వేల్స్‌లో ఒక కొండమీద, పొడవాటి స్కేట్‌బోర్డు మీద కొండ దిగే లాంగ్‌బోర్డు పందెం ఫైనల్ మొదలయ్యే చోట, చక్రాల కుర్చీలో కూర్చున్న కాలమ్ తన చెల్లెలు టెగన్ బోర్డుకి కొత్త చక్రాలు బిగిస్తున్నాడు. తోలు సూటులో టెగన్ ఉడికిపోతోంది.

"ఇవొద్దు, అన్నా. పాతవే ఉంచు."

"పాతవి అరిగాయి, టెగన్. బోర్డు కదపకు."

"అంచులు గుండ్రంగా ఉన్నాయేంటి? నువ్వు చక్రాలు అచ్చు పోసేటప్పుడు ఎప్పుడూ పదునుగా పోస్తావుగా?"

"గుండ్రమైతే జారడం తేలిక. మూడో మలుపులో బోర్డు అడ్డం తిప్పగానే మెల్లగా జారుతుంది. పదునంచు అలాకాదు. రోడ్డును పట్టుకుని, పట్టుకుని, ఉన్నట్టుండి వదిలేస్తుంది."

"తెలుసు."

"నాకూ తెలుసు. ఈ కుర్చీ అలా వచ్చిందేగా."

"ఇప్పుడెందుకా మాట?... కాలమ్, ఇవి నొక్కితే సొట్టపడుతున్నాయి."

"ఎండకి."

"ఎండకా! గట్టిదనం ఎంత? ఎనభై రెండేనా?"

"పిలుస్తున్నారు. చేతి తొడుగులేసుకో."

"ఎంత?"

"డెబ్భై ఐదు."

"కొత్తగా వేసిన నున్నటి రోడ్డుమీద అంత మెత్తటి డెబ్భై ఐదా? అతుక్కుపోతాయి! జారినచోటల్లా చక్రం అరిగి రోడ్డుమీద సుద్దగీతల్లా పడతాయి, వేగమంతా అక్కడే పోతుంది."

"పోతుంది."

"ఆఖరున వస్తాను!"

"రావచ్చు."

"కింద అమ్మ నీ చక్రాల షాపు పేరున్న చొక్కా వేసుకుని నిలబడింది. ఊళ్ళో పిల్లలంతా నీ చక్రాలే కొన్నారు. నేను దిగకపోతే... "

"దిగకపోతే?"

"ఏంలేదు. ఊరికే. కావాలనే ఇలా పోశావా?"

"ఓడిపోతే ఇంక నిన్నెవరూ దిగమనరు."

"ఎవరూ అంటే? దిగమన్నది నువ్వేగా?"

"నేనా? ఎప్పుడన్నాను? నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికే నువ్వు నా బోర్డు పట్టుకుని సిద్ధంగా ఉన్నావు. మానలేవేమో అనుకున్నా. కనీసం మంచి చక్రాలన్నా ఉండాలని పోస్తూ వచ్చా."

"రెండేళ్లా?"

"రెండేళ్లు. నువ్వు కిందికి చేరేదాకా ప్రతిసారీ కళ్లు మూసుకునేవాణ్ణి."

"టెగన్! గీత దగ్గరికి రావాలి!" పందెం నిర్వాహకుడు కేకేశాడు.

"అదుగో, పిలుస్తున్నారు. వెళ్లు. మెల్లగా వెళ్లు."

"వద్దని నువ్వు ఒక్కసారన్నా అంటావని, ప్రతిసారీ ఈ గీత దగ్గర ఆగి నీ మొహమే చూసేదాన్ని, అన్నా. ఈ సూటు విప్పేస్తా. జిప్పు కిందికి లాగు, తొడుగులతో పట్టు దొరకట్లేదు."