బడి తెరిచిన రోజు

ఫిబ్రవరి చివరి వారం, మధ్యాహ్నం. జపాన్‌లోని ఎచిగో కొండల్లో కిటికీల పైదాకా మంచు పేరుకున్న ఒక ఇంట్లో, బడి పెద్ద టీచరు మురయామా కజుయో, నలభై ఏళ్లుగా ఊరికి మంచు కబురు చెబుతున్న ఇగరాషి జెంపెయ్ ఇద్దరూ, కాళ్లు కాచుకునే బల్లకి చెరోవైపు కూర్చున్నారు. వచ్చి పావుగంటైనా కజుయో కోటు విప్పలేదు. బల్ల మీద విద్యా బోర్డు కాగితం ఉంది.

"నా పేరు ముద్ర ఎక్కడ వేయాలి టీచరమ్మా? ఇక్కడా, కింద గీత దగ్గరా?"

"వేద్దురుగాని. ముందు చదవండి ఇగరాషి గారూ."

"కళ్లజోడు ఎక్కడ పెట్టానో. మీరు తెచ్చిన కాగితంలో తప్పేం ఉంటుందిలెండి."

"చదవకుండా వేయకూడదు."

"అయితే మీరే చదవండి."

"'ఇకమీదట మంచు కారణంగా బడికి సెలవు ఇవ్వాలా వద్దా అన్నది వాతావరణ కార్యాలయం హెచ్చరికను బట్టే నిర్ణయించాలి. ఊరివాళ్ల అంచనాలు తీసుకోరాదు.' ఇది మొదటిది."

"బాగుంది. ఎప్పుడో చేయాల్సిన పని."

"రెండోది... రెండోది కొంచెం..."

"చదవండమ్మా. నేనేం అనుకోను."

"'జనవరి ఇరవై తొమ్మిదిన విద్యార్థిని గాయపడటానికి, స్థానిక పరిశీలకుడి అంచనాలో జరిగిన... జరిగిన పొరపాటు కారణమని...' ఈ వాక్యం నేను రాయలేదు. బోర్డువాళ్లు రాశారు."

"విద్యార్థిని అంటే మా మనవరాలు మినోరియేగా."

"అవును."

"పేరు రాసుంటే బాగుండేది. సరే, మీ మోచేతి దగ్గర సొరుగులో ముద్ర ఉంటుంది, ఇలా అందివ్వండి."

"తొందరేముంది."

"మీకు మళ్లీ చీకటి పడుతుంది. బస్సు నాలుగున్నరకే ఆఖరు."

జెంపెయ్ కోడలు సయెకో టీ తెచ్చి కజుయో ముందు పెట్టింది.

"టీ తీసుకోండి టీచరు గారూ. ముల్లంగి ఊరగాయ మా ఇంట్లోదే."

"శ్రమ పడ్డారు సయెకో గారూ. మినోరి ఎలా ఉంది?"

"శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. మంచుకి చచ్చుబడ్డ కుడిచేతి మూడు వేళ్లకి చివర్లు తీసేశారు, మీకు తెలిసిందే. ఎడంచేత్తో రాయడం నేర్పుతున్నారు. తన పేరులో రెండక్షరాలు వచ్చాయి."

"రెండు వచ్చాయా."

"మూడోది తిరగేసి రాస్తోంది. బడికి ఎప్పుడు వెళ్తానని రోజూ అడుగుతుంది. ఏం చెప్పమంటారు?"

"నేను... నేనే ఆసుపత్రికి వెళ్లి మాట్లాడతాను."

"నెల నుంచీ అదే అంటున్నారు."

"అవును. వెళ్తాను. మీ మామగారికి టీ తేలేదే మీరు."

"ఆయనకి వద్దు."

"మీరు అడగలేదు కదా."

"కావాలంటే ఆయనే పోసుకుంటారు. నాకు పొయ్యి మీద కూర ఉంది, వస్తాను."

సయెకో వంటింట్లోకి వెళ్లింది. తలుపు పూర్తిగా మూయలేదు.

"ఏమీ అనుకోకండి టీచరమ్మా. అమ్మాయి మంచిది. అన్నం పెడుతుంది, నీళ్లు కాచి ఇస్తుంది. మాట్లాడదు, అంతే."

"ఎప్పటి నుంచి?"

"బడిలో మీటింగు అయిన సాయంత్రం నుంచి. మా వాడు టోక్యోలో రోడ్ల పనికి వెళ్లాడు కదా, వాడూ ఫోను చేసి నన్ను పిలవమనడు. తల్లీ తండ్రీ కదమ్మా. నేనైనా అంతే చేసేవాణ్ని."

"ఊళ్లోవాళ్లు?"

"ఊళ్లోవాళ్లకేం. ఊరందరి స్నానాలశాలకి వెళ్లడం మానేశాను. నేను దిగగానే తొట్టిలో ఉన్నవాళ్లకి ఒక్కసారిగా ఒళ్లు కాలిపోతుంది, గబగబా లేచిపోతారు. నీళ్లేమో ఎప్పటిలాగే గోరువెచ్చగా ఉంటాయి."

"ఇగరాషి గారూ, అది..."

"మీకు ఇక్కడ ఎన్నో శీతాకాలం ఇది?"

"ఆరోది."

"ఆరేళ్లు పొద్దున్నే అయిదుంపావుకి ఫోను. ఒక్కరోజు అయిదు నిమిషాలు ఆలస్యం లేదు. మీకు ముందున్న హెడ్‌మాస్టరు బద్ధకస్తుడు, పెళ్లాం చేత చేయించేవాడు. ఆవిడ అడిగేది, వెనకాల ఈయన గురక వినిపించేది. నేను కొండ చూసి చెబితే ఆవిడే సెలవు ఇచ్చేసేది. ఊరికి తెలియదు గానీ నాలుగేళ్లు మన బడి నడిపింది ఆవిడే."

"మీరు నవ్వించకండి. నాకు నవ్వడానికి మొహం లేదు."

"ఎందుకుండదు. మీరు మంచి టీచరు. మొన్న జనవరిలో నా మాట విని రెండుసార్లు సెలవిచ్చారు. రెండుసార్లూ పదింటికల్లా ఎండ కాసింది. ఒక్క మాట అన్నారా నన్ను?"

"మిమ్మల్ని అనలేదు."

"బోర్డు పెద్దాయన మిమ్మల్ని అన్నాడట కదా. సహకార దుకాణంలో చెప్పుకున్నారు."

"ఏమని?"

"'మీ ఊళ్లో బడికి సెలవు ఇచ్చేది మీరా, ఆ ముసలాయన మోకాళ్ల నొప్పా' అని."

"అందరి ముందూ అన్నాడు. పన్నెండు బళ్ల పెద్దలున్నారు ఆ గదిలో. అందరూ నవ్వారు. పోయిన రెండు రోజులకీ వసంతం సెలవుల్లో కోత పెట్టాల్సొస్తే తల్లిదండ్రులు కూడా ఉత్తరాలు రాశారు. ఇంటికెళ్లి అన్నం తినలేదు నేను."

"నన్నూ ఆడుకున్నారులెండి. 'తాతా, ఎండ ఎప్పుడొస్తుందో కూడా చెప్పు, బట్టలు ఆరేసుకుంటాం' అని. నేనూ నవ్వాను. బయటికొచ్చాక ఉప్పు కొనడం మరిచిపోయానని గుర్తొచ్చింది, మళ్లీ లోపలికి వెళ్లలేకపోయాను."

"బోర్డు పెద్దాయన ఆ మాట అన్నది పంతొమ్మిదో తారీకున. ఇరవై తొమ్మిదికి పది రోజుల ముందు."

"లెక్క బాగా గుర్తుంది మీకు."

"గుర్తుండకపోతే బాగుండు."

"ఇప్పుడు ఆ సంగతులెందుకు టీచరమ్మా. ముద్ర ఇవ్వండి."

"మీటింగులో నేను ఏం చెప్పానో మీకు ఎవరైనా చెప్పారా?"

"చెప్పారు. నన్ను అడిగాకే బడి తెరిచానన్నారట."

"అవును. 'ఇగరాషి గారికి ఫోను చేశాను, ఆయనతో మాట్లాడాకే తెరిచాను' అన్నాను. ఇంకొక్క మాట అనలేదు."

"నిజమే చెప్పారు. ఫోను చేశారు, మాట్లాడారు, తెరిచారు."

"నిజమే. అందులో ఒక్క అబద్ధం లేదు. రాత్రంతా కూర్చుని అబద్ధం లేకుండా తయారు చేసుకున్నాను ఆ వాక్యం."

"టీ చల్లారిపోతోంది."

"నేను ఆ మాట అనగానే వెనక వరసలో ఎవరో 'అయితే ముసలాయన తప్పు చెప్పాడన్నమాట' అన్నారు. అందరూ తలలూపారు. నేను నోరు విప్పలేదు. మైకు నా చేతిలోనే ఉంది."

"ఎవరో ఒకరు మోయాలి కదమ్మా. మీకింకా పదేళ్ల ఉద్యోగం ఉంది. నాకు డెబ్బై తొమ్మిది."

"ఆ రోజు ఫోనులో మీరేమన్నారో మీకు గుర్తుందా?"

"పొద్దున్న మాత్ర వేసుకున్నానా లేదా అంటేనే తెల్లమొహం వేస్తాను."

"మాత్ర సంగతి కాదు. గుర్తుందా లేదా?"

"ఆ రోజు పొద్దున్న కొండ కనిపించలేదు. అది గుర్తుంది."

"ఇంకా?"

"ఇంకా ఏముంది. తొమ్మిది మంది పిల్లలు వరసగా వెళ్తుంటే వంతెన దగ్గర గాలి తిరిగింది. ముందున్న పెద్దపిల్ల వెనక్కి చూసేసరికి ఎనిమిది మందే ఉన్నారు. మంచు తోసే బండివాడు యాభై నిమిషాలకి దేవదారు చెట్ల కింద చూశాడు మినోరిని. చూసినవాడు మంచివాడు, తన చొక్కాలో చుట్టి తెచ్చాడు. అదంతా మీకూ తెలుసు."

"అది నాకు తెలుసు. ఫోను సంగతి అడుగుతున్నాను."

"ఎందుకమ్మా పట్టుపడతారు. నేను తప్పు నాదేనంటున్నాను, మీరు తెచ్చిన కాగితం అదే అంటోంది. ఇద్దరికీ ఒకటే మాట. నేనే తీసుకుంటాను సొరుగులోంచి, జరగండి."

"వద్దు. ముద్ర ముట్టుకోవద్దు."

"టీచరమ్మా, చేయి తీయండి."

"మీరు మూసేయమన్నారు."

"నెమ్మదిగా."

"బడి మూసేయమన్నారు మీరు. 'సముద్రం వైపు ఉరిమింది, కొండ కనిపించడం లేదు, ఏడింటికి గాలి తిరుగుతుంది, పిల్లల్ని బయటికి పంపకండి' అన్నారు. నేను 'ఆలోచిస్తాను' అన్నాను. ఫోను పెట్టేయబోతుంటే మీరు మళ్లీ పిలిచారు. 'ఈసారీ నవ్వుతారేమో, నవ్వనివ్వండి, మూసేయండి' అన్నారు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు."

"నెమ్మదిగా మాట్లాడండి, లోపల..."

"మూడోసారి కూడా ఎండ వస్తే ఆ బోర్డు గదిలోకి మళ్లీ ఎలా వెళ్లాలా అని, అదొక్కటే ఆలోచించాను. పిల్లల గురించి ఆలోచించలేదు. అయిదున్నరకి మొదటి ఇంటికి ఫోను చేసి బడి ఉందని చెప్పాను. వాళ్లు రెండో ఇంటికి, వాళ్లు మూడో ఇంటికి. ఆ కబురు మీ ఇంటికి కూడా వచ్చింది."

"ఏమన్నారు టీచరు గారూ?"

"సయెకో గారూ..."

"నాకు సరిగ్గా వినపడలేదు. మళ్లీ చెప్పండి."

"నువ్వు వెళ్లమ్మా సయెకో, కూర మాడుతుంది."

"మాడనివ్వండి. చెప్పండి టీచరు గారూ."

"మీ మామగారు బడి మూసేయమన్నారు. నేనే తెరిచాను. మీటింగులో ఆయన మీదకి తోసేశాను. ఈ నెలంతా అలాగే ఉంచాను. ఇవాళ ఈ కాగితం మీద ఆయన ముద్ర వేయించుకుని పోదామనే వచ్చాను."

"నెల రోజులు."

"అవును."

"నెల రోజులు ఈయన నా ముందు తలెత్తలేదు. ఈయన చొక్కాలు నేను మా బట్టల్లో కలపకుండా విడిగా ఉతికాను. ఆసుపత్రికి వస్తానంటే, నువ్వు రాకు, నిన్ను చూస్తే దానికి భయమేస్తుంది అన్నాను. నువ్వు అన్నాను. పదమూడేళ్లలో ఎప్పుడూ ఆయన్ని నువ్వు అనలేదు."

"నన్ను అనండి. ఏమన్నా పడతాను."

"మిమ్మల్ని అనడానికి నాకు చాలా సమయం ఉంది. శనివారం పిల్ల ఇంటికొస్తుంది, అప్పుడు దాని ముందు కూర్చుని మీరే చెప్పండి."

"చెబుతాను. రేపు బోర్డుకి చెబుతాను, ఎల్లుండి మళ్లీ మీటింగు పెట్టి అందరికీ చెబుతాను. ఈ కాగితం ఇక్కడే చింపేస్తున్నాను, చూడండి."

"చింపండి. బాగా చింపండి. మామగారూ."

"ఊఁ."

"ఇటు చూడండి మామగారూ. ఆ రోజు నేను తెల్లవారుజామున నాలుగున్నరకే పుట్టగొడుగుల షెడ్డులో పనికి వెళ్లిపోయాను. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. అందరూ మీరే అంటే నమ్మేశాను. మిమ్మల్ని ఒక్క మాట అడగను కూడా అడగలేదు. నాదీ తప్పే."

"నీది కాదమ్మా."

"అయినా మీరెందుకు చెప్పలేదు? నిజంగా మరిచిపోయారా?"

"చూశారా సయెకో గారూ, పాపం ఆయనకి గుర్తే లేదు. నేను దాన్ని కూడా వాడుకున్నాను. మరిచిపోయాడులే, ఇక పరవాలేదులే అనుకున్నాను."

"మీరు ఆగండి టీచరు గారూ. నేను ఆయన్ని అడుగుతున్నాను. చెప్పండి మామగారూ. మీ కోసం టీ పోసి తెస్తాను, కానీ ముందు చెప్పండి. ఎందుకు ఊరుకున్నారు?"

"టీ వద్దమ్మా."

"వేడిగా ఉంది."

"నాకు పోయకు. కూర్చో. మరిచిపోలేదు నేను. టీచరమ్మ చెప్పింది ప్రతి మాటా నిజం, ఆవిడ ఒక్కటి వదిలేసింది, నేను రెండుసార్లు కాదు, మూడుసార్లు చెప్పాను మూసేయమని. మినోరి పక్కనే నిద్రకళ్లతో కూర్చుని అంతా విన్నది."

"మినోరి విన్నదా? నాకు చెప్పలేదే అది."

"చెప్పదు. తర్వాత బడి ఉందని ఫోను వచ్చింది. 'తాతా, పంపొద్దన్నావుగా, నేను ఇంట్లో ఉండిపోనా' అని అడిగింది. అందరి పిల్లలూ వెళ్తుంటే మంచు తాత మనవరాలొక్కతే ఇంట్లో దాక్కుందని మళ్లీ దుకాణంలో నవ్వుతారని, వెళ్లమన్నాను."