సర్దార్ గారి కొడుకుల్ని ఎరగనన్న కంప్యూటర్

“శాలువా కప్పారా? పేపర్లో ఓ ముక్క రాశారా? ఏం మనుషులండీ!” పామర్రు సెంటర్లో, అచ్చమ్మ టీ బడ్డీ దగ్గర, కంప్యూటర్లు బాగుచేసే జగన్మోహనరావు గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

“ఎవరికండీ?” అంది అచ్చమ్మ.

“నాకే! రెండువేల రెండులో బందరులో సర్దార్ గారి రోల్డ్‌గోల్డ్ షాపులో కంప్యూటర్ పెట్టింది నేనే కదా. గాజుల పెట్టెల మీద అంటించే చీటీల కోసం బ్యాచ్ ఫైలని ఓ చిన్న ప్రోగ్రాం రాశాను. దాని పేరు కొట్టి, పక్కనే షాపు పేరు కొడితే చాలు, చీటీ వచ్చేయాలి. షాపు పేరు ‘సర్దార్ & సన్స్’. కొట్టారు. ఉత్త ‘సర్దార్’ అని పడింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ‘సన్స్ అంటే ఏంటో నాకు తెలీదు’ అంది తెర, ఇంగ్లీషులో, మొహమ్మీదే! కన్నకొడుకుల్ని పట్టుకుని అంత మాటా? సర్దార్ గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కొడుకులు అన్నం మానేశారు.”

“అయ్యయ్యో! మరి?”

“ఆ & మెలిక ఉంది చూశావూ, అది కనబడితే ‘ఒక పనైంది, రెండోది మొదలెట్టు’ అనుకుంటుంది కంప్యూటర్. అందుకే పేరుని రెండు ముక్కలు చేసింది. పేరుకి ముందో కొటేషను గుర్తు, వెనకో కొటేషను గుర్తు కొట్టాను, చేనుకి కంచె వేసినట్టు! సన్స్ వచ్చి సర్దార్ పక్కన బుద్ధిగా కూర్చున్నారు. సంగతి సింగపూర్‌దాకా పాకింది. అక్కడో ఓడల కంపెనీ పేరులోనూ ఇదే మెలిక. ‘కంపెనీ అంటే ఏంటో తెలీదు’ అంది కంప్యూటర్, ఓడలన్నీ నడిసముద్రంలో ఆగిపోయాయి. ముందొకటి, వెనకొకటి అని ఫోన్లో అరిచాను, కదిలాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందరూ కొట్టీ కొట్టీ ఆసియా ఖండం మొత్తంలో కొటేషన్లు అయిపోయాయి. గుడివాడ బస్సు టాపు మీద బస్తాలకొద్దీ వేయించి పంపింది ఎవరనుకున్నావు? దారిలో వానకి తడిసి కొన్ని మొలకెత్తాయి కూడానూ!”

“కొటేషన్లు మొలకెత్తాయా?”

“కామాలు మొలిచాయి! బళ్లకి పంచిపెట్టాను. ఒక్క హెడ్మాస్టరైనా దండ వేశాడా?”

అప్పటిదాకా వెనక బల్ల మీద పేపరు చదువుతున్నవాడు దాన్ని మడిచాడు. సర్దార్ గారి పెద్దబ్బాయి సుహైల్.

“కొటేషన్లు కొట్టింది మా చెల్లెలు గౌసియా అండీ. ఈ జగన్మోహనరావు మావయ్య గారూ తక్కువ కష్టపడలేదు. ఆ మెలికని తెర మీద మరకనుకుని, తువ్వాలు తడిపి మరీ తుడిచారు.”

బడ్డీ అంతా గొల్లుమంది.

“తుడవకుండా మరకో కాదో ఎలా తెలుస్తుందయ్యా?” అని జగన్మోహనరావు సుహైల్ మీద విరుచుకుపడ్డాడు.