ఎనక ఎడమ చక్రానికి ఒక దువా

“అవ్వా, మీరు ఉమ్రాకు పోయే ముందు కారులో ఏదో దీపం వెలిగి ఆరనే లేదంట గదా? అమ్మను అడిగితే నవ్వుతాంది. నాయన్ను అడిగితే లేచి పోతాండాడు.”

పోడా మరి! కూర్చో రేష్మా, చెప్తా. నువ్వు మొన్నటిదాకా కడపలో కాలేజీలో ఉంటివి, ఈ సౌదీ బురైదాలో మీ నాయన చేసిన ఘనకార్యం నీకెట్ల తెలుస్తాది? మెల్లగా మాట్లాడుకుందాం, పెద్దమనిషి హాల్లోనే ఉండాడు.

కారు ఎనక ఎడమ చక్రంలో గూఁ అని ఒకటే శబ్దం. బేరింగు పోయిందన్నారు. సనాయియాకు, అదే, మెకానిక్ షెడ్లన్నీ ఉండే చోటికి తీసుకపోయినాడు. మసీదులో అసర్ బాంగు ఇనపడితే మెకానిక్ నమాజుకు పోయినాడు. మీ నాయన పోలే. ఆయప్ప వచ్చేలోగా కొత్త బేరింగు తానే నొక్కి బిగించేసినాడు. ఇంటికొచ్చి తానే చెప్పుకున్న్యాడు, ఎంత గర్వమో! నమాజుకు పోయింటే రెండు పనులూ సరిగ్గా జరిగేటివి. నేనేమన్నా అన్నానా? అల్లుడు గదా.

ఆ పొద్దు నుంచే ఆ పసుప్పచ్చ దీపం. ఏబీఎస్ అంట. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకపోయి బండి జారకుండా చూస్తాదంట, అది పనిచేయకపోతే ఈ దీపం. మీ తాత జీపుకు ఇట్లాంటివి యాడివి? కనుమలో బ్రేకు పట్టకపోతే చెప్పేదానికి దీపం లేదు, పక్కన నేనే. కేకలేసేదాన్ని. నన్ను ఆర్పేదానికి ఆయనా శానా చూసినాడులే.

ఏం చెప్తాంటి? ఆఁ, ఉమ్రా. మక్కా చూడాలని నాకు పెళ్ళైనప్పటి నుంచీ ఆశ. తీసుకపోతా, తీసుకపోతా అంటానే మీ తాత పోయినాడు. ఇక్కడ చూస్తే నా విజిట్ వీసా అయిపోవస్తాంది. దీపం ఆరందే అంత దూరం వద్దని మీ అమ్మ. బస్సులో పోతాలే అంటే, ఇంట్లో కారు పెట్టుకొని అత్తను బస్సెక్కిస్తే పరువేం గాను అని మీ నాయన. ఆయన పరువు కోసం మక్కా ఆగాల!

పక్కింటి ఇంజనీరు స్కానర్ తెచ్చి పెట్టి, “ఎనక ఎడమ చక్రం నుంచి ఏమీ అందడంలేదన్నా” అన్న్యాడు. సెన్సారు పోయిందన్నాడు మీ నాయన. కొత్తది ఏసినాడు, దీపం ఆరలే. డూప్లికేటు అని ఇంకోటి తెచ్చినాడు, ఆరలే. బ్యాటరీ తీగ పీకి పెడితే గేటు దాకా ఆరి, మళ్ళా వెలిగింది. ఆఖరికి కంప్యూటర్ పెట్టెనే పోయింది, రియాద్ నుంచి రావాల అని తేల్చినాడు. అది వచ్చేలోగా నేను కడపలో ఉంటా.

ఏ చక్రంలో చెయ్యి పెట్టినాడో ఆ చక్రమే అని అందరికీ తెలుసు. చెప్పేదెవరు? ఇంజనీరు టీ తాగి, నా మొగం చూసి ఎళ్ళిపోయినాడు. మీ అమ్మ వంటింట్లోకి పిలిచి, “అమ్మా, నువ్వు నోరెత్తొద్దు, అల్లుడు నొచ్చుకుంటాడు” అనె. సరే, అల్లుడితో ఎత్తలే.

మగ్రిబ్ నమాజు అయినాక చేతులెత్తి, రోజూ మనసులో చేసుకునే దువా ఆ పొద్దు కొంచెం పైకి చేసుకున్నా. “యా అల్లా, నా అల్లుడిది బంగారు చెయ్యి. ఆ చెయ్యి పడినాకనే దీపం వెలిగింది. ఆ చేత్తోనే ఎనక ఎడమ చక్రం ఒక్కసారి ఇప్పదీయించు.” వంటింట్లో మీ అమ్మ చేతిలో మూత కింద పడింది. మీ నాయన నా ఎనకే కూర్చోనుండాడు. దువాకు ఆమీన్ అనకుండా ఎట్లుంటాడు? సన్నగా అన్న్యాడు, “ఆమీన్.”

ఇప్పితే ఏముంది? బేరింగుకు ఒక పక్క అయస్కాంతం పట్టీ ఉంటాదంట, చక్రం తిరుగుతాంటే సెన్సారు దాన్నే చూడాలంట. ఈయన దాన్ని అటు తిప్పి బిగించినాడు. సెన్సారు ఇంక దేన్ని చూస్తాది, గోడనా? ఈయన్ను అడిగితే కంపెనీవాడే బేరింగు తిప్పి చేసినాడంట, ఇనుకో! మళ్ళా కొత్తది తెచ్చి, నమాజు చేసుకొని, మెకానిక్ చేతనే పెట్టించినాడు. కారు వీధి చివరికి పోకముందే దీపం ఆరింది.

ఆ కారులోనే మక్కా చేరి కాబా చూసినా రేష్మా. మీ తాత పేరు చెప్పుకోని ఏడ్చినా. ఆ జనంలో కాబా చుట్టూ తవాఫ్ అంతా మీ నాయనే నా చెయ్యి ఇడవకుండా తిప్పినాడు. చెయ్యి మంచిదేలే. బేరింగుకే పనికిరాదు.

ఇట్ల రా, నెత్తిన చెయ్యి పెట్టనీ. యా అల్లా, ఈ బిడ్డకు తప్పు చేస్తే రెండో సెన్సారు కొనకముందే ఒప్పుకునే మొగుణ్ణి ఇయ్యి.

“ఆమీన్!”

నువ్వు గాదు గదా అన్నింది? చూడు, హాల్లో నుంచి. అంతా ఇన్న్యాడు.