ఎర్రయ్య గారి పేరు మీద వచ్చిన మెయిలు: శ్రీమతి నీలవేణి గారి సేవా ప్రస్థానం

వెయ్యిన్నీ తొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూన్ నెల పన్నెండో తేదీ, సోమవారం ఉదయాన మన ఖరగ్‌పూర్ విద్యుత్ సరఫరా కార్యాలయంలో గుమాస్తాగా పదవీ బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి నీలవేణి గారు, నియామక పత్రాన్ని చేతిలో పట్టుకుని నాటి అధికారిని మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఇది మీరే పంపినారా, మీ పేరు సెప్పి ఇంకెవులైనా పంపినారా?" అన్నది. ఆ పెద్దమనిషి నవ్వాలో కోపగించుకోవాలో తెలియక, ఆమె కళ్లెదుటే మరొక సంతకం చేసి, పాత సంతకం పక్కన పెట్టి చూపించారట. సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ మాన్య సహోద్యోగిని గురించి మన సిబ్బంది పత్రిక ఈ సంచికలోని బెంగాలీ పుటల్లో మిత్రులు సాదరంగా, సంక్షిప్తంగా రాశారు. తెలుగు పుటల్లో కాస్త వివరంగానే రాయవలసి ఉంది. ఆమె కుటుంబ సభ్యులు చదివేది ఈ పుటలే కనుక, ఇంట్లో తాము పడ్డ పాట్లన్నీ ఆఫీసులో మేమూ పడ్డామని వారికి తెలియాలి.

పలాస ప్రాంతం నుంచి తరలివచ్చి రైల్వే వర్క్‌షాపులో తరతరాలుగా చెమటోడ్చిన కుటుంబంలో, న్యూ సెటిల్‌మెంటు క్వార్టర్లలో పుట్టి పెరిగిన నీలవేణి గారికి తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ కొట్టిన పిండి. మూడు భాషల్లోనూ ఆమె ధారాళంగా అనుమానించగలరు. ఉద్యోగ జీవితపు తొలి దశ మీటర్ల విభాగంలో గడిచింది. ఖాకీ చొక్కా తొడుక్కుని, మీటరు తనిఖీ అని చెప్పి, మగవాళ్లు డ్యూటీకి వెళ్లిన వేళ చూసి ఇళ్లలో చొరబడే మోసగాళ్లు ఆ రోజుల్లో విరివిగా తిరిగేవారు. నీలవేణి గారు సెలవు దినాల్లో సైకిలెక్కి వాడవాడలా తిరిగి, గృహిణులను కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పారు. "ఆడు సూపించిన కార్డుని ఆడి మాట మీద నమ్మకండి. గుమ్మంలోనే నిలబెట్టి మా ఆఫీసుకి మనిషిని పంపండి. కబురు వచ్చిన దార్నే తిరిగి అడిగితే అదే అబద్ధం మళ్లీ సెప్తాడు. వేరే దార్ని అడగాల." ఆ పాఠం ఎంతగా వంటబట్టిందంటే, ఒకసారి మన అసలు ఇన్‌స్పెక్టరునే ఒక ఇల్లాలు ఎండలో నిలబెట్టేసింది. ఆయన మండిపడుతూ ఆఫీసుకు తిరిగివస్తే, నీలవేణి గారు ఆయనకు చల్లని మంచినీళ్లిచ్చి, ఆ ఇల్లాలిని తెగ మెచ్చుకున్నారు.

తదనంతరం ఆమె కొత్త కనెక్షన్లు, పేరు మార్పిడుల విభాగానికి బదిలీ అయ్యారు. పేరు మార్పిడి అన్నది మాట వరసకే. మన రైల్వే తెలుగు కుటుంబాల్లో ఆ దరఖాస్తు పెట్టినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. ఇంటి పెద్ద కాలం చేసినా మీటరు మీద పేరు మాత్రం ఆయనదే ఉంచుతారు, తీసేస్తే ఆ మనిషిని మళ్లీ ఒకసారి సాగనంపినట్టేనని బాధపడతారు. నిబంధనలు వల్లించవలసిన కుర్చీలో కూర్చున్న నీలవేణి గారి సొంత ఇంటికి సైతం నేటికీ కరెంటు బిల్లు ఆమె మామగారి పేరుతోనే వస్తోంది. పై అధికారులు నిలదీస్తే, "ఆయన ఒప్పుకుంటే మార్సేస్తాను సార్, మీరే అడగండి" అని తప్పించుకునేవారు.

పదోన్నతిపై వినియోగదారుల సహాయ విభాగానికి బాధ్యురాలైన నాటికి కాలం మారింది. ఖాకీ చొక్కాల దొంగలు పోయి మెయిళ్ల దొంగలు వచ్చారు. ఈ రాత్రికే మీ కరెంటు కట్ అని బెదిరించేవి, వృద్ధులకూ రోగులకూ ప్రత్యేక సాయమని ఆశపెట్టేవి, రకరకాల సందేశాలు పట్టుకుని జనం ఆమె బల్ల ముందు వరుస కట్టేవారు. నమ్మి చెడినవారు లేరు, నమ్మక చెడినవారే ఉన్నారని పెద్దలంటారు గదా అని మన కార్యాలయాధికారి శ్రీ క్రిస్టోఫర్ గారు ఒకసారి ఆమెతో పరిహాసమాడారు. "ఆ పెద్దలకి మెయిలైడీ నేదు సార్" అని ఆమె జవాబు. మెయిలును ఒక్క క్షణం చూసి, "దొంగది" అని తేల్చి, చేత్తో అవతలికి నెట్టేసేవారు. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఆమె మాటే నిజమయ్యేది, అదే ఆమెకు చేటయింది.

గత సంవత్సరం వానలు వెనకబట్టిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. ఆమె అనుమతితోనే, నిజానికి ఆమె పట్టుబట్టడం వల్లనే, ఇక్కడ రాయడమవుతున్నది. సుభాష్‌పల్లిలో తీగలు మార్చే నిమిత్తం ఆదివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా సరఫరా నిలిపివేస్తామని మైకులో చాటింపు వేయించారు. ఆ వాడలోనే, వర్క్‌షాపులో పనిచేసి దివంగతులైన ఎర్రయ్య గారి భార్య చిలకమ్మ గారు నివసిస్తున్నారు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆమె రోజంతా కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషను మీదనే ఆధారపడి ఉంటారు. ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు గంటా రెండు గంటలకు మించి రాదు. పెద్ద సిలిండరు సోమవారం గాని దొరకదని అమ్మేవాడు చెప్పేశాడు. గురువారం ఉదయం కొడుకు గిరిబాబు తన ఫోనులోకి వచ్చిన ఒక మెయిలు పట్టుకుని నీలవేణి గారి బల్ల దగ్గరికి వచ్చారు. ఇంట్లో వైద్య పరికరాల మీద బతికేవారుంటే శుక్రవారం సాయంత్రం లోపు వివరాలు నమోదు చేసుకోవలసిందనీ, సరఫరా నిలిచే రోజున బ్యాటరీ యంత్రం ఇంటికే పంపుతామనీ అందులో ఉంది.

"ఇది నింపమంటావా అక్కా? అమ్మకి ఆదివారం ఎలాగో తెలవటం నేదు."

నీలవేణి గారు చూశారు. మన కార్యాలయం నుంచి వెళ్లే మెయిళ్ల చిరునామా కాదు. అటువంటి పథకమేదీ ఉన్నట్టు పై నుంచి ఉత్తర్వు రాలేదు. పైపెచ్చు, మెయిలు మొదట్లోనే "మాన్యులైన ఎర్రయ్య గారికి" అని ఉంది.

"మీ నాన్న పోయి ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లు దాటింది."

"సచ్చిపోయినోళ్లకి సాయం సేస్తామంటన్నారు, ఎంత దయో. దొంగది గిరీ, ముట్టుకోకు. సిలిండరు ఇంకెక్కడైనా దొరుకుద్దేమో సూడు."

గిరిబాబు వెళ్లిపోయారు. నీలవేణి గారు అదేరోజు ఆ మెయిలు గురించి నోటీసు బోర్డు మీద ఎర్ర సిరాతో హెచ్చరిక కూడా రాయించారు. శుక్రవారం మధ్యాహ్నం భోజనం డబ్బా ముందు కూర్చుని, తమ బోర్డు గురించి గొప్పగా చెప్పుకుంటూ, చచ్చినవాడికి ఉత్తరం రాసిన దొంగ తెలివిని వెక్కిరిస్తున్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయారు. దొంగలకు పేర్లు ఎక్కడ దొరుకుతాయి? ఫోన్లలో, గ్రూపుల్లో, బతికున్నవాళ్లు తిరిగే చోట్ల. ఎర్రయ్య గారికి ఫోను లేదు, ఆయన ఏ గ్రూపులోనూ లేరు. ఆయన పేరు ఈ లోకంలో ఇంకా చెలామణీలో ఉన్నది ఒక్క చోటే, మన మీటరు రికార్డులో. అయితే ఆ మెయిలు రాసినవాడు మన రికార్డు చూసి రాసినవాడై ఉండాలి. ఇన్నేళ్లూ ఊరందరికీ వేరే దారిన అడగమని నేర్పిన మనిషి, ఈసారి ఏ దారినా అడగనేలేదు. ఆదివారం చిలకమ్మ గారికి ఊపిరి ఎలా ఆడుతుందన్న తలపు రాగానే ఆమె డబ్బా మూసేసి లేచారు.

మెయిలులోని నంబరు జోలికి పోకుండా, బిల్లు వెనకాల అచ్చయిన పాత నంబరుకు ఫోను చేశారు. వారు ఇంకొకరికి, వారు మరొకరికి కలిపి, చివరికి ప్రధాన కార్యాలయంలో ఏంజలిన్ అనే ఉద్యోగిని దొరికారు. ఆమె హిందీలో తాపీగా చెప్పింది: అవును దీదీ, అది మాదే, మీటరు రికార్డులో ఉన్న పేరుకూ మెయిలైడీకీ పంపాం, కొత్త విభాగం, కొత్త చిరునామా, స్థానిక కార్యాలయాలకు ఉత్తర్వు వచ్చేవారం వస్తుంది, నమోదు మాత్రం ఈ సాయంత్రంతో సరి. మెయిలు ముందు, ఉత్తర్వు తర్వాత! ప్రధాన కార్యాలయం వారి ఈ కార్యకుశలతకు నీలవేణి గారు బెంగాలీలో ఏ మాట వాడారో ఈ గౌరవనీయమైన సంచికలో రాయదగదు. గిరిబాబుకు ఫోను చేస్తే ఎత్తలేదు. క్రిస్టోఫర్ గారికి ఒక్క ముక్క చెప్పి, గేటు దగ్గర దొరికిన టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి సుభాష్‌పల్లికి బయలుదేరారు.

అక్కడ గిరిబాబు తల్లి మంచం పక్కన కూర్చుని ఉన్నారు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో బ్యాంకు కార్డు. ఆమెను చూడగానే ముఖం వెలిగింది.

"నువ్వన్నది నిజమే అక్కా, నిన్నటిది దొంగది. ఇదిగో ఇప్పుడు అసలైనది వచ్చింది. అమ్మ పేరు సక్కగా రాసినారు. చిలకమ్మ, ఆక్సిజన్ పేషెంటు అని. కార్డు నంబరు అడుగుతన్నారు, అది కొట్టేస్తే అయిపోద్ది."

"ఆపు. నిన్న నా కాడ నుంచి ఎల్లినాక అమ్మ సంగతి ఎవులికైనా సెప్పినావా?"

"వాడ గ్రూపులో పెట్టినాను. మా అమ్మ చిలకమ్మ ఆక్సిజన్ మీద ఉంది, ఇలాటి మెయిలు ఇంకెవులికైనా వచ్చిందా అని."

నీలవేణి గారు కార్డును ఆయన చేతిలోంచి లాక్కుని తమ చీర కొంగున ముడేసుకున్నారు. "అక్కడే పట్టినారు ఈ పేరు. గిరీ, మా ఆఫీసులో మీ అమ్మ ఎవులో ఎవులికీ తెలవదు. మీటరు మీద ఇప్పటికీ మీ నాన్నే ఉన్నాడు. నిన్న నాను తప్పు సెప్పినాను. ఆ మెయిలే నిజమైనది. ఇది దొంగది."

గిరిబాబు ముఖం మాడిపోయింది. "నిన్న దొంగదన్నావు. ఈవేళ నిజం అంటన్నావు. నానేటి నమ్మాల అక్కా? ఆదివారం అమ్మకి ఏటైనా అయితే?"

"నన్ను నమ్మకు. బిల్లు తియ్యి. ఎనకాల నంబరుంది. నువ్వే సేసి అడుగు."

ఆయన అడిగారు. నమోదు అయింది. మంచం మీద నుంచి అంతా వింటున్న చిలకమ్మ గారు ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుని, "అయితే ఆ మనిషి పేరు మీద వచ్చిందే మంచిదా?" అని అడిగారు. అవునన్నారు నీలవేణి గారు. "బతికున్నన్నాళ్లూ ఒక్క పని టైముకి సెయ్యనేదు" అని చిలకమ్మ గారు కళ్లు తుడుచుకున్నారు.

ఆదివారం తన సెలవు దినాన నీలవేణి గారు తెల్లవారగానే ఆ ఇంటికి చేరారు. బ్యాటరీ యంత్రం వ్యానులో వచ్చింది. వచ్చిన ఇద్దరినీ ఆమె గుమ్మంలో నిలబెట్టి, వారి పేర్లు ప్రధాన కార్యాలయానికి ఫోనులో చదివి వినిపించి, జవాబు వచ్చేదాకా లోపలికి రానివ్వలేదు. కరెంటు అప్పటికే పోయింది, చిన్న సిలిండరు నడుస్తోంది. "నీ ఇచారణ అయ్యేలోగా నాను పోతానేమో, తొందరగా కానీ తల్లీ" అని లోపలి నుంచి చిలకమ్మ గారు గదమాయించారు. సాయంత్రం దీపాలు వెలిగేదాకా ఆ యంత్రం ఆగకుండా నడిచింది.

మర్నాడు నీలవేణి గారు బోర్డు మీది ఎర్ర సిరా హెచ్చరికను స్వహస్తాలతో తుడిచి, సిబ్బంది సమావేశంలో లేచి నిలబడి, తాను ఎవరినీ అడగకుండా తీర్పు చెప్పాననీ, అనుమానించి ఊరుకోవడం నమ్మి ఊరుకోవడమంత సోమరితనమేననీ చెప్పారు. నాటి నుంచి ఈ సహాయ విభాగానికి వచ్చిన ఏ మెయిలునూ, బిల్లు వెనకాల నంబరుకు ఫోను చేయకుండా దొంగదనిగాని మంచిదనిగాని చెప్పరాదని ఆమె విధించిన నియమాన్ని మేమందరం విసుక్కుంటూనే పాటిస్తున్నాము. ఉత్తర్వు మాత్రం వచ్చేవారం రాలేదు, ఆ పై నెలలో వచ్చింది.

కార్యదక్షతలో కఠినులు, మమతలో మెత్తనివారు, మాటలో ఏమాత్రం మెత్తన లేనివారు అయిన శ్రీమతి నీలవేణి గారు శేషజీవితాన్ని సంపూర్ణ ఆరోగ్యంతో, భర్తా పిల్లలతో, ఎవరినీ అనుమానించనవసరం లేని తీరికతో చిరకాలం గడపాలని సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నాము. అభినందన సభకు చిలకమ్మ గారిని కూడా పిలవాలని మేము వెళ్తే, మెట్లెక్కలేనని చెప్పి ఆమె తన ఆశీస్సును మా చేత పంపించారు. దానికి ఒక్క అక్షరం చేర్చకుండా ఇక్కడ పొందుపరుస్తున్నాము:

"తప్పు సెప్పినోళ్లని శానా మందిని సూసినాను. తిరిగొచ్చి, తప్పు సెప్పినానన్నోళ్లని ఈ ఒక్కదాన్నే సూసినాను. నా ఆయుస్సు కూడా పోసుకుని బతకమ్మా అనాలనే ఉంది నాకు. గానీ నాది నాకే సాలదు. నాకింకా బతకాలని ఉంది. నీది నువ్వు నూరేళ్లూ బతుకు, నాది నాను బతుకుతాను. అప్పుడప్పుడు వచ్చి సూసిపోతా ఉండు."