గడ్డమాయన కాలు

స్టేజీ మీద ఇద్దరు ముసలి గిటారిస్టులు ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని బ్లూస్ పాటలు వాయిస్తున్నారు. ఒకాయనకి టోపీ, ఇంకొకాయనకి గడ్డం. జనం అరుపులతో హాలు దద్దరిల్లుతోంది. ఇద్దరి మధ్యకి ఎక్కి గంతులేస్తున్న ఒకతని ప్యాంటు పట్టుకుని, కిందనుంచి ఒక పెద్దావిడ లాగింది.

“బాబూ, కాస్త కిందికి దిగు.”

“ఏం మామ్మగారూ, నేను టికెట్టు కొనలేదా?”

“కాదనలేదు నాన్నా. టోపీ ఆయనకి గడ్డమాయన కాలు కనపడాలి. నువ్వు అడ్డున్నావు.”

“గిటారు వాయించడానికి పక్కాయన కాలెందుకు?”

“ఆ కాలి తాళం చూసే వాయిస్తాడు.”

“చెవుల్లేవా ఏంటి?”

“మెల్లిగా అను. చెవులు పూర్తిగా పోయాయి. తెలిస్తే ఇంకెవరూ పిలవరు.”

“మీకెవరు చెప్పారు?”

“ఆయనతో కాపురం చేస్తున్నదాన్ని. ఒకరు చెప్పాలా?”

“భలేవారే. ఇన్నేళ్ళు వాయించినాయన నిద్రలో కూడా వాయిస్తాడు. ఈ పాటవగానే దిగుతాలెండి.”

“ఈ పాటకే దిగాలి. మధ్యలో ఇద్దరూ ఒక్కసారే ఆపాలి.”

“అరె, గడ్డమాయన ఆపేశాడు. మీ ఆయన వాయిస్తూనే ఉన్నాడేంటి?”

“ఇందాకట్నుంచీ నీకు చెప్పేది అదే.”

“దిగాను మామ్మగారూ, ఇదిగో దిగాను.”

“ఇప్పుడు దిగి ఏం లాభం.”

“ముసలోణ్ణి ఇంటికి పొమ్మని గోల చేస్తున్నారండీ. ఆయనేమో టోపీ తీసి, నవ్వుతూ వంగుతున్నాడు.”

“అందరూ చేతులు పైకెత్తి ఊపుతున్నారు కదా. మెచ్చుకుంటున్నారనుకుంటున్నాడు.”

“నేను వెళ్ళి ఆయన్ని లోపలికి తీసుకుపోనా?”

“వద్దు. చప్పట్లు కొట్టు. మనవైపే చూస్తున్నాడు.”