ఎడమవైపు గిటార్

పాలకొల్లు దగ్గర తమ రొయ్యల చెరువు గట్టు మీద అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. తమ్ముడి చెవుల్లో కొత్త ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి.

"ఎలా ఉందిరా? రాక్‌లో దీన్ని మించిన ఆల్బమ్ లేదు. పాత ఇయర్‌ఫోన్స్ నేనే చెరువులోకి విసిరేశాను కదా, అందుకే ఖరీదైనవి తెచ్చాను."

"డ్రమ్స్ అదిరిపోయాయి అన్నయ్యా."

"డ్రమ్స్ కుడివైపు. ఎడమవైపు గిటార్ చూడు, పీక కోస్తున్నట్టు అరుస్తుంది."

"ఆ... బాగానే ఉంది."

"మొహం అలా పెట్టావేంటి? అసలు వస్తుందా?"

"రావట్లేదు."

"డూప్లికేట్ అంటగట్టాడా నాకు! బండి తియ్యి. ఆ షాపు అద్దాలు వాడి తలతోనే పగలగొడతాను."

"వద్దు అన్నయ్యా."

"నోరుముయ్యి! నెత్తురు కక్కేదాకా తంతాను వాణ్ణి."

"ముందు నువ్వోసారి పెట్టుకుని చూడు."

"ఇటివ్వు... వస్తుంది కదరా! గిటార్ బ్రహ్మాండంగా వస్తుంది. మరి నీకేంటి?"

"మొన్న కరెంటు పోయి చెరువులో ఏరియేటర్లు ఆగిపోతే, నేను పాటల్లో ఉండి వాటి చప్పుడు ఆగడం గమనించలేదు కదా. గాలాడక రొయ్యలన్నీ చచ్చి తేలాయి."

"అయితే?"

"నువ్వొచ్చి ఇయర్‌ఫోన్స్ మీదే కొట్టావు. అప్పట్నుంచి ఎడమ చెవిలో హోరు తప్ప ఏమీ లేదు."

"ఇంతవరకూ ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే రెండో చెవి మీద కూడా కొడతావని."